నాతాను కథను మధ్యలో ఆపలేదు



ఈ మధ్య మన చుట్టుపక్కల కూడికల్లో ఒక మాట తరచుగా వినబడుతున్నది. వాక్యం చదువుతుంటే ఎవరో ఒక పెద్ద మెల్లగా అంటారు: "అయ్యగారూ, ఇక్కడికి చాలు. ఇంక ముందుకు పోతే మంచిగుండదు." దావీదు కుమార్తె తామారు సంగతి వచ్చినా, న్యాయాధిపతుల గ్రంథం 19వ అధ్యాయం వచ్చినా ఇదే మాట. ఫోన్లలో వచ్చే ప్రసంగాల్లోనూ ఈ ధోరణే. "ఇది ఆశీర్వాదకరమైన భాగం కాదు, ఇక్కడితో ఆపుదాం" అని చెప్పి ఆ ప్రసంగీకుడు నేరుగా ప్రార్థనలోకి వెళ్లిపోతాడు. వినేవాళ్లు హాయిగా ఆమేన్ అంటారు.

ఈ అలవాటు మీద మాకు గట్టి అభ్యంతరం ఉన్నది. మర్యాద కోసం దాచుకోకుండా ఈ వారం దాని గురించే రాస్తున్నాము.

ముందు 2 సమూయేలు 12వ అధ్యాయం తీయండి. ప్రవక్తయైన నాతాను రాజు దగ్గరికి కథతోనే వెళ్లాడు. ఒక ఊళ్లో ఇద్దరు మనుషులు. ఒకరికి మందలు మందలు గొర్రెలు, మరొకరికి కొనుక్కొచ్చిన ఒక్క ఆడ గొర్రెపిల్ల. అది ఆ పేదవాని పిల్లలతో కలిసి పెరిగింది, అతని కంచంలో తిన్నది, అతని ఒడిలో పడుకున్నది, బిడ్డలాగా ఉండేది. నాతాను కథను అక్కడ ఆపి ఉంటే ఏమయ్యేది? దావీదు చిన్నప్పుడు గొర్రెలు కాచినవాడు. చాలా సంతోషించేవాడు. "ఎంత చక్కని కథ!" అని ప్రవక్తకు బహుమానం ఇచ్చి పంపేవాడు. ఊరియా సంగతి, బత్షెబ సంగతి అట్లాగే మూతపడి ఉండేవి. నాతాను ఆపలేదు. ధనవంతుని ఇంటికి బాటసారి వచ్చిన సంగతి చెప్పాడు, ఆ ఒక్క గొర్రెపిల్లను పట్టుకుపోయి వండిన సంగతి చెప్పాడు. అప్పుడే రాజుకు కోపం రగిలింది, అప్పుడే ఆ మనిషివి నీవేనన్న మాట చెప్పడానికి చోటు దొరికింది. ఒడిలో పడుకున్న గొర్రెపిల్ల దగ్గర కథ ముగిస్తే అది జోలపాటవుతుంది. జోలపాటకు ఏ రాజూ సింహాసనం మీది నుండి లేవడు.

ఇప్పుడు మన సండే స్కూళ్లలో కథలు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో చూడండి. దావీదు కథ గొల్యాతు పడిపోయిన దగ్గర ఆగుతుంది. సొలొమోను కథ దేవాలయ ప్రతిష్ఠ దగ్గర ఆగుతుంది. నోవహు కథ ఇంద్రధనుస్సు దగ్గర ఆగుతుంది. గోడ మీద బొమ్మ కూడా అదే: ఓడ, పావురం, ఏడు రంగులు. ఆదికాండము 9వ అధ్యాయం ఆ రంగుల దగ్గర ఆగలేదు. నీతిమంతుడని దేవుడే పేరుపెట్టి పిలిచిన మనిషి ద్రాక్షతోట వేశాడు, తాగాడు, గుడారంలో వస్త్రహీనుడై పడి ఉన్నాడు. అది ఇంద్రధనుస్సు కనబడిన ఆ అధ్యాయంలోనే రాసి ఉన్నది. మన ఊళ్లలో కిరాణా కొట్టు ఎంత దగ్గరో బెల్టు షాపు అంతకంటే దగ్గర. తండ్రి గోడవారగా పడి ఉంటే బడికి వెళ్లే పిల్ల చీర కొంగు తెచ్చి కప్పి పోయే ఇళ్లు మనకు తెలుసు. షేము, యాపెతులు వెనుకకు నడిచి వెళ్లి తండ్రిని కప్పిన సంగతి ఆ పిల్లకు ఎవరు చెప్పాలి? బైబిలులో తన ఇంటివంటి ఇల్లు ఒకటి ఉన్నదని ఆమెకు తెలియకుండానే సండే స్కూలు అయిపోతున్నది. చేతికి ఒక రంగు కాగితం ఓడ మాత్రం వచ్చింది.

వాగ్దానపు కార్డుల సంగతికి వస్తాము. డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ కూడికలో పళ్లెంలో కార్డులు పెట్టి ఒక్కొక్కరిని తీసుకోమంటారు. కొన్ని సంఘాలలో కుటుంబానికి ఒకటి ఫ్రేము కట్టించి కూడా ఇస్తారు. కార్డు తీసుకోవడం పాపమని మేము అనము. కాని ఏ వచనాలు ఆ పళ్లెంలోకి వస్తాయి, ఏవి రావు అన్నది గమనించండి. యిర్మీయా 29:11 ప్రతి సంవత్సరం వస్తుంది. సమాధానకరమైన ఉద్దేశాలు, రాబోయే కాలానికి నిరీక్షణ, ఇవన్నీ అందులో ఉన్నాయి. దాని పైనున్న 10వ వచనం మాత్రం ఏ కార్డు మీదా కనబడదు. అందులో 70 సంవత్సరాలని ఉన్నది. ఆ ఉత్తరం బబులోనులో చెరపట్టబడి ఉన్నవాళ్లకు వచ్చింది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, అక్కడే పెళ్లిళ్లు చేసుకోండి అని అందులో రాసి ఉన్నది. చదివినవాళ్లలో పెద్దవాళ్లకు ఇంటి దారి మళ్లీ కనబడదని అర్థం. ఆ చీకటిని కత్తిరించి ఒక్క వచనం ఫ్రేము కట్టిస్తే, మే నెలలో బిడ్డ పెళ్లి తప్పిపోయినప్పుడు, ఆగస్టులో పత్తిచేను ఎండినప్పుడు ఆ కుటుంబం గోడ మీది ఫ్రేముకేసి ఎట్లా చూస్తుందో ఆలోచించండి.

ఒక్క అధ్యాయం వెనక్కు వెళ్తే, 28వ అధ్యాయంలో హనన్యా ఉన్నాడు. రెండే సంవత్సరాల్లో అంతా తిరిగి వస్తుందని దేవాలయంలో జనుల ముందు చెప్పాడు. యిర్మీయా కూడా ఆమేన్ అన్నాడు, అట్లాగే జరిగితే బాగుండునన్నాడు. మంచి జరగాలని ఆయనకూ ఉన్నది. కాని హనన్యా 70ని 2 చేశాడు. అబద్ధ ప్రవక్త అంటే కొమ్ములు మొలిచినవాడు కాడు. జనం వినగలిగినంత దూరం కథ చెప్పి, వాళ్లకు ఇష్టమైన చోట ఆపేవాడు. ఆ సంవత్సరమే అతడు చనిపోయాడని అధ్యాయం చివర ఉన్నది.

ఇంకా ముందుకు వెళ్లండి, 36వ అధ్యాయం. వినేవాడే కథను ఆపిన సందర్భం ఇది. చలికాలం, తొమ్మిదవ నెల. రాజైన యెహోయాకీము నిప్పుల కుంపటి ముందు కూర్చున్నాడు. బారూకు చేత రాయించిన గ్రంథపు చుట్టను యెహూది చదువుతున్నాడు. మూడు నాలుగు పత్రాలు చదవగానే రాజు చాకుతో ఆ ముక్కను కోసి కుంపటిలో వేస్తున్నాడు, తరువాతి ముక్క చదివితే దాన్నీ కోస్తున్నాడు, చుట్టంతా అయిపోయేవరకు. పక్కనున్న ముగ్గురు వద్దని బతిమాలారు కూడా. మరి ఏమైంది? దేవుడు ఇంకొక చుట్ట రాయమన్నాడు. కాలిపోయిన మాటలన్నీ మళ్లీ రాశారు, వాటికి తోడు ఇంకా ఎన్నో మాటలు కలిపారు. "ఇక్కడికి చాలు" అని మెల్లగా చెప్పే పెద్దల చేతిలో చాకు లేదు, మనసులో కోపమూ లేదు, అది మాకు తెలుసు. చదవని పేజీ మాత్రం కుంపటిలో పడ్డ పేజీ లాంటిదే, సంఘం వరకు అది లేనట్టే.

దీనివల్ల ఎవరికి నష్టం? ఇదే మా వాదంలో ముఖ్యమైన సంగతి. ఒక పెద్దామె సంవత్సరాలుగా కూడికకు వస్తుంది, సాక్ష్యాల సమయంలో మాత్రం ఎప్పుడూ లేవదు. ఒక రోజు ఆమె అన్నది: "అయ్యగారూ, అందరి సాక్ష్యాలు మంచిగనే ఒడుస్తయి. నాది ఒడుస్తలేదు. నేనెట్ల నిలబడి చెప్పాలె?" భర్త అప్పులతో పోయాడు, కొడుకు పట్నం పోయి ఫోను ఎత్తడు, ప్రార్థన మాత్రం ఆమె మానలేదు. ఆమె విశ్వాసం ఎవరికంటే తక్కువ? మన సాక్ష్యాలకు ఒక అచ్చు తయారైంది. రోగం వచ్చింది, ప్రార్థన చేశాము, పోయింది. బోరు వేశాము, ప్రార్థన చేశాము, నీళ్లు పడ్డాయి. బోరు పడిన రోజున మైకు ఇస్తారు. రెండేళ్లకు అది ఎండి, పక్కన వేసిన ఇంకో రెండు కూడా దుమ్ము కొట్టిన రోజున ఆ మనిషికి మైకు ఎవరూ ఇవ్వరు, అతడూ అడగడు. కొన్నాళ్లకు రావడమే మానేస్తాడు. వెనుకబడిపోయాడని సంఘం చెప్పుకుంటుంది. అతని కథను మధ్యలో ఆపి, మిగతా కథకు మన మధ్య చోటు లేదని ముందు చెప్పింది మాత్రం ఆ సంఘమే.

మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్ల కథ కూడా ఇట్లాగే చెబుతారు. ఆ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్నది. దాని వల్ల ఎముకలు వంగుతున్నాయని 1940ల లోనే వైద్యులు రాశారు. ఎన్నో దశాబ్దాల తరువాత కృష్ణా నీళ్లు వచ్చాయి, మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. దేవునికి స్తోత్రం, నీళ్లు తెచ్చినవారికి వందనాలు. కాని కథను నల్లా దగ్గర ఆపేస్తే, ఆ నల్లా పక్కనే గోడకు ఆనుకొని కూర్చున్న మనిషి కనబడకుండా పోతాడు. కొత్త నీళ్లు కొత్త పిల్లల ఎముకలను కాపాడతాయి. వంగిపోయిన వెన్నును అవి తిరిగి నిలబెట్టవు. ఆయనకు పింఛను కావాలి, ఊతకర్ర కావాలి, మాట్లాడే మనిషి కావాలి. "సమస్య తీరిపోయింది" అన్న సాక్ష్యం ఆయన ముందు చెప్పడం కంటే ఊరుకోవడం మేలు.

మన జనం చీకటి కథలు వినలేరని అనేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాము. మన పల్లెల్లో రామాయణం చాలామంది పట్టాభిషేకంతో ముగిస్తారు. ఆ తరువాతి భాగం ఇంట్లో చదవకూడదనేవారు కూడా ఉన్నారు. అది వారి ఆచారం, దాని మీద తీర్పు చెప్పడం మా పని కాదు. కాని ఆ తరువాతి భాగమే 1963లో లవకుశ సినిమాగా వచ్చినప్పుడు జనం బండ్లు కట్టుకొని పోయి చూశారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. పట్టాభిషేకం చూడడానికి పోలేదు. అడవిలో విడిచిపెట్టబడ్డ గర్భవతిని చూసి ఏడ్వడానికి పోయారు. చాలామంది ఆడవాళ్లు అక్కడ తమ బతుకును చూసుకున్నారు. అట్లాగే దొడ్డి కొమరయ్య కథ. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకీకి ఆయన పడిపోయాడు. ఆనాడు ఆ ఊరు నల్లగొండ జిల్లాలోదే. ఆయన చావు దగ్గరికి వచ్చేసరికి "ఇక్కడితో ఆపుదాం" అని ఏ పాటగాడైనా అన్నాడా? ఆ చావు దగ్గరే కదా జనం లేచింది. ఈ నేల మీద పుట్టినవాళ్లకు చీకటి వినే చెవులు ఉన్నాయి. సంఘంలోకి రాగానే ఆ చెవులు మూసుకోమని ఎవరు చెప్పారు?

మన సంఘ చరిత్రను కూడా సగమే చెబుతాము. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంఖ్య బాప్టిస్టు పిల్లలకు కూడా నోటికి వచ్చు. దాని ముందున్న రెండేళ్ల కరువు ఎవరికి వచ్చు? క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఆకలిగొన్నవారికి పని ఇప్పించాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆ కాలువ గట్టు మీద పోయినవారి లెక్క తీసేస్తే 2,222 అనేది ప్రగతి నివేదికలో అంకె మాత్రమే.

చీకటిని ఎట్లా చదవాలో యూదుల దగ్గర నేర్చుకోవచ్చు. విలాపవాక్యములు చివరి వచనం చాలా కఠినమైనది, దేవుడు పూర్తిగా విసర్జించాడేమో అన్నంత వరకు పోతుంది. యెషయా చివర కూడా చావని పురుగు, ఆరని అగ్ని. మలాకీ, ప్రసంగి కూడా భయంతోనే ముగుస్తాయి. సమాజమందిరంలో ఈ నాలుగు గ్రంథాలు చదివేటప్పుడు చివరి వచనం పూర్తిగా చదువుతారు. ఆ తరువాత దాని ముందటి వచనాన్ని ఇంకొకసారి చదివి కూర్చుంటారు. గమనించారా? చీకటికి ముందు ఆపలేదు. చీకటిలోకి వెళ్లి, అది ఎంత ఉన్నదో అంత చదివి, అప్పుడు ఒక్క అడుగు వెనక్కు వేశారు. జనాన్ని ఓదార్చాలన్న తపన వాళ్లకూ ఉన్నది, దాని కోసం లేఖనాన్ని కోయలేదు.

కోసినవారు వేరే ఉన్నారు. 1807లో లండన్‌లో ఒక పుస్తకం అచ్చయింది. వెస్టిండీస్ దీవుల చెరకు తోటల్లో బానిసల కోసమని బైబిలులో ఎంపిక చేసిన భాగాలు అవి. యోసేపు బానిసగా ఐగుప్తుకు పోయిన కథ ఉంచారు. మోషే జనాన్ని ఐగుప్తు నుండి బయటికి నడిపించిన కథ తీసేశారు. పాత నిబంధనలో పదింట తొమ్మిది వంతులు అందులో లేదు. మేలు కోసమే అని వాళ్లు కూడా చెప్పి ఉంటారు. ఫరో పిల్లలను నదిలో వేయించిన చీకటిని తీసేస్తే, సముద్రం చీలిన వెలుగు కూడా దానితోపాటే పోతుంది, ఎందుకంటే అవి రెండూ ఒకే కథ. కనుక ఎవరైనా "ఇక్కడ ఆపండి" అంటే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ఆపితే ఎవరికి లాభం? తామారు కథ ఆపితే తామారుకు లాభమా, అమ్నోనుకా? ఆమె అన్న అబ్షాలోము కూడా ఊరుకోమనే చెప్పాడు. ఇంటి పరువు పేరుతో ఊరుకోమన్న అన్నలు మన ఊళ్లలో లేరా? ఆ అధ్యాయాన్ని గట్టిగా చదివితే, వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి మొదటిసారి తల ఎత్తవచ్చు.

"యేసు ప్రభువే నజరేతులో మధ్యలో ఆపారు కదా?" అని ఒక సహోదరుడు అడిగాడు. మంచి ప్రశ్న. లూకా 4వ అధ్యాయంలో ప్రభువు యెషయా 61 చదివి, హితవత్సరం అన్న మాట దగ్గర గ్రంథం చుట్టి ఇచ్చేశారు. దాని వెంటనే ఉన్న ప్రతిదండన దినం చదవలేదు. కాని ఆ చీకటి ఎవరిదో చూడండి. అది శత్రువుల మీద పడాలని నజరేతువారు ఆశపెట్టుకున్న చీకటి. వాళ్లకు ఇష్టమైన దాన్నే ఆయన చదవలేదు. అంతటితో ఊరుకోకుండా సారెపతు విధవరాలిని, సిరియావాడైన నయమానును ఎత్తి చూపి, వాళ్లకు ఇష్టం లేనిది చెప్పారు. ఫలితంగా కొండ పేటు దాకా తోసుకుపోయారు. జనాన్ని సంతోషపెట్టడానికి ఆపినవాణ్ణి ఎవరూ కొండ మీది నుండి తోయరు, శాలువా కప్పుతారు.

ఒక్క విషయంలో మాత్రం పెద్దలతో మేము ఏకీభవిస్తాము. ఆరేళ్ల పిల్లకు న్యాయాధిపతులు 19 చెప్పనక్కరలేదు. నిన్న కొడుకును పాతిపెట్టిన తల్లి ముందు యోబు గ్రంథం తెరవనక్కరలేదు, యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకొని నేల మీద కూర్చున్నంతసేపే మంచివాళ్లు. సమయం చూసుకోవడం వేరు, ఎప్పటికీ చదవకపోవడం వేరు. యెఫ్తా కుమార్తె కోసం ఇశ్రాయేలు ఆడపిల్లలు ఏటా నాలుగు రోజులు వెళ్లి ప్రలాపించేవారని న్యాయాధిపతులు 11 చివర ఉన్నది. తండ్రి నోటి దురుసుకు బలైపోయిన పిల్ల అది. ఏడాదికి నాలుగు రోజులు! మనము నలభై ఏళ్లలో ఒక్క ఆదివారమైనా ఆ పిల్ల కోసం ఇచ్చామా?

వచ్చే ఆదివారం నుండి సాయంకాలపు ఆరాధనలో ఈ భాగాలు వరుసగా చదువుతాము. మొదటివారం 88వ కీర్తన, ఎజ్రాహీయుడైన హేమానుది. చీకటి తప్ప దగ్గరివాళ్లు ఎవరూ లేరన్న భావంతో అది ముగుస్తుంది, కృతజ్ఞత మాట ఒక్కటి కూడా దాని చివర ఉండదు. చదివిన వెంటనే 89లోకి వెళ్లము, పాట కూడా ఎత్తుకోము. కాసేపు మౌనంగా కూర్చుంటాము. తరువాత సాక్ష్యాలు. బోరు పడినవారు వచ్చే నెల చెప్పవచ్చు. ఈసారి ఎండినవారికి, ఫోను ఎత్తని కొడుకులున్నవారికి, ఇంకా అయిపోని సంగతులున్నవారికి మైకు. చివర "అయినా దేవుడు మేలు చేశాడు" అని కలపాల్సిన పని లేదు. దూరాన ఉన్నవారు ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపితే సంఘంలో వినిపిస్తాము, పేరు చెప్పవద్దంటే చెప్పము. పిల్లలకు ఆ గంట పక్క గదిలో వేరే కథ ఉంటుంది. నోవహుదే, ఈసారి అధ్యాయం చివరిదాకా.